“అన్నీ ఒరిజినల్ పార్టులే” అన్న పాత పియానో కొనొచ్చా?

పాత పియానో బేరానికి వెళ్తే రెండు రకాల అమ్మకందారులు తగులుతారు. ఒకరు “అన్నీ ఒరిజినల్ పార్టులేనండి, ఒక్కటీ మార్చలేదు” అంటారు. ఇంకొకరు “లోపలంతా విప్పించి కొత్తవి వేయించాం, కొత్త పియానోయే అనుకోండి” అంటారు. ఇద్దరూ ఆ మాట చెప్పే ధర పెంచుతారు. కొనేవాళ్లు ఏది మేలో తేల్చుకోలేక చివరికి పైన పాలిష్ మెరుపు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. నిజానికి పియానోలో కొన్ని పార్టులు ఒరిజినల్‌వే ఉండాలి. కొన్ని ఇంకా ఒరిజినల్‌వే ఉన్నాయంటే అనుమానించాలి. మిగిలినవి మార్చినా ఇబ్బంది లేదు గానీ ఎవరు మార్చారో, ఏవి వేశారో తెలియాలి. ఈ లెక్క ముందు తెలిస్తే అమ్మేవాళ్ల మాటల్లో చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి.

విజయనగరంలో పియానో ఎవరు కొంటారని అడగొచ్చు. 1919లోనే మహారాజా వారి సంగీత కళాశాల వెలిసిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌ని సొంతం చేసుకున్న ఊరికి పియానో మీద మనసు పోవడంలో వింతేముంది? ఇప్పుడు పిల్లలు కీబోర్డు క్లాసులకు వెళ్తున్నారు, గ్రేడ్ పరీక్షలకు కూర్చుంటున్నారు. నాలుగైదు గ్రేడ్లు దాటాక టీచరు “వేళ్లకు బలం రావాలంటే అసలు పియానో కావాలండి” అంటారు. కొత్తదాని ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి చూపు పాతవాటి మీదికి వెళ్తుంది. హౌరా–చెన్నై లైను మీద ఉన్న ఊరు కావడంతో కలకత్తా పాత బంగళాల నుంచీ, మద్రాసు షాపుల నుంచీ ఫొటోలు వాట్సాప్‌లో వచ్చి పడతాయి.

ఫొటోలో కనిపించేది పెట్టె. అసలు సంగతంతా లోపల ఉంటుంది. మామూలు పియానోలో 88 కీలకు 220, 230 దాకా తీగలు ఉంటాయి. ఒక్కో తీగ 70, 80 కిలోల బరువును వేలాడదీసినంత బిగువుతో ఉంటుంది. అన్నీ కలిపితే దాదాపు 16 నుంచి 18 టన్నులు. ఈ బిగువునంతా మోసేది పోత ఇనుము ఫ్రేము. దీన్ని ప్లేట్ అంటారు. తీగల పై చివరలు ట్యూనింగ్ పిన్నులకు చుట్టి ఉంటాయి. ఆ పిన్నులు దిగే గట్టి చెక్క దిమ్మ పిన్ బ్లాక్. తీగల కంపనాన్ని నాదంగా పెంచేది వెనక ఉన్న పల్చటి స్ప్రూస్ చెక్క పలక, అదే సౌండ్‌బోర్డు. కీ నొక్కితే యాక్షన్ అనే చెక్క ముక్కల యంత్రాంగం కదిలి, ఉన్ని ఫెల్ట్ చుట్టిన హ్యామర్ వెళ్లి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. కీ వదలగానే డ్యాంపర్ తీగ మీద వాలి శబ్దాన్ని ఆపుతుంది.

వీటిలో ప్లేట్, పెట్టె, కీబోర్డు చట్రం జీవితకాలం ఉండాల్సినవి. ఇవి ఒరిజినల్ కాకపోతే అది ఆ పియానోయే కాదు. ప్లేట్‌కి పగులు ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పోత ఇనుముకు వెల్డింగ్ చేశామని చెప్పినా అంత బిగువు కింద దాన్ని నమ్మడం కష్టం. సౌండ్‌బోర్డు కూడా ఒరిజినల్‌దే ఉంటే మంచిది, ఆ పియానో గొంతు అందులోనే ఉంటుంది. ఫెల్ట్, తోలు, తీగలు, చిన్న చిన్న గుడ్డ పట్టీల విషయం వేరు. ఇవి అరగడానికే ఉన్నాయి. అరవై ఏళ్ల పియానోలో హ్యామర్లు, బాస్ (మంద్ర స్థాయి) తీగలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే అంటే దానర్థం వాటికి చేయాల్సిన పని ఎవరూ చేయలేదని. ఆ ఖర్చు ఇక మీది.

మన ప్రాంతంలో ఈ లెక్క వీణ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణకు మెట్ల కింది మైనం కొన్నేళ్లకు పాడవుతుంది. కరిగించి, మెట్లు కూర్చి మళ్లీ మేళం కట్టిస్తారు, తీగలు మారుస్తారు. ఆ వీణ ఒరిజినల్ కాదని ఎవరూ అనరు. మేళం కట్టించకుండా అటక మీద పడేసిన వీణకే విలువ ఎక్కువని కూడా ఎవరూ అనరు. పియానో దగ్గరికి వచ్చేసరికి మాత్రం “చెయ్యి పెట్టలేదు” అన్న మాటకు పడిపోతాం.

పెద్ద కంపెనీ ఒరిజినల్ పార్టు తలనొప్పిగా మారిన సందర్భాలూ ఉన్నాయి. స్టైన్‌వే న్యూయార్క్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980ల మొదటి దాకా యాక్షన్ కీళ్లలో ఉన్ని గుడ్డకు బదులు టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ బుషింగులు (కీలు చిల్లు లోపల వేసే పట్టీలు) వాడారు. గుడ్డ అయితే చెక్కతో పాటు కాస్త సర్దుకుంటుంది. వాతావరణాన్ని బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. టెఫ్లాన్ అలా మారదు. దాంతో కొన్ని కీళ్లు వదులై టిక్కు టిక్కుమని చప్పుడు, కొన్ని బిగుసుకుపోవడం. తర్వాత కంపెనీయే మళ్లీ గుడ్డకు వెళ్లిపోయింది. అలాంటి పియానోలో టెఫ్లాన్ తీసేసి గుడ్డ బుషింగులున్న కొత్త పార్టులు వేసి ఉంటే నేనైతే దాన్నే ఎంచుకుంటాను. 1940లు, 50ల్లో అమెరికాలో చేసిన కొన్ని పొట్టి పియానోల యాక్షన్‌లో వాడిన ప్లాస్టిక్ ముక్కలైతే ఈ పాటికి ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతాయి. అవీ ఒరిజినలే.

కంటోన్మెంట్ వైపు ఒక పాత ఇంట్లో ఉన్న, గోడకు ఆనించి పెట్టే నిలువు పియానో, అంటే అప్‌రైట్ చూడటానికి తెలిసిన సంగీతం టీచరుతో కలిసి వెళ్లాను. ఇంటి పెద్దాయన “మా నాన్నగారి కాలం నుంచి ఇందులో ఒక్క మేకు కూడా మార్చలేదమ్మా” అన్నారు. మూత ఎత్తి, ముందు పలక గొళ్లేలు రెండూ తిప్పి పలకను పక్కన పెట్టాం. హ్యామర్ల మూతుల మీద తీగలు కొట్టిన గాట్లు లోతుగా దిగి ఉన్నాయి. మధ్య సప్తకంలో ఫెల్ట్ దాదాపు చెక్క దాకా అరిగిపోయింది. బాస్ తీగల రాగి చుట్టు పచ్చగా మారింది, కొడితే నాదం రావడం లేదు, డబ్బా శబ్దమే వస్తోంది. పై స్థాయిలో మూడు నాలుగు తీగలు మాత్రం తళతళలాడుతున్నాయి. అంటే ఎప్పుడో తెగితే ఎవరో వేశారు. రెండు ట్యూనింగ్ పిన్నుల పక్కన అట్ట ముక్క అంచు బయటికి కనిపిస్తోంది. పిన్ వదులైనప్పుడు చిల్లులో అట్టో గరుకు కాగితమో దోపి బిగించే చిట్కా అది. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆయన చిన్నప్పుడు వచ్చిన రిపేరు మనిషి ఏం చేశాడో ఆయనకెలా తెలుస్తుంది? టీచరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కాఫీ తాగి, పియానో గురించి మంచి మాటలే చెప్పి వచ్చేశాం.

అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఈ పిన్నుల సంగతే. పిన్ బ్లాక్ పాడైతే శ్రుతి నిలవదు. శ్రుతి నిలవని పియానో ఎంత పేరున్నదైనా ఇంట్లో ఒక పెద్ద బల్ల మాత్రమే. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి మధ్య స్థాయి ‘ఎ’ కీ నొక్కండి. 440 హెర్ట్జ్ దగ్గర చూపించాలి. అన్ని కీలూ ఇంచుమించు ఒకేలా కాస్త కిందికి దిగి ఉంటే చాలాకాలం ట్యూన్ చేయలేదని అర్థం, అది సరిచేయొచ్చు. కానీ ఒకే స్వరానికి ఉన్న మూడు తీగలూ మూడు దారుల్లో పోతూ జీరగా వినిపిస్తే, అది కూడా అక్కడక్కడా మాత్రమే అయితే, ఆ పిన్నులు పట్టు వదిలేసినట్టే. ఒక సెమిటోన్ (పక్క కీకి ఉన్నంత తేడా) దాకా దిగిపోయిన పాత తీగలను ఒక్కసారి పైకి లాగితే తెగే ప్రమాదం ఉంది. ట్యూనరును వెంట తీసుకెళ్తే ఆయన లీవరుతో పిన్ను కొద్దిగా కదిపి చూసి పట్టు ఎంతుందో చెప్పేస్తారు. ఆ ఒక్క విజిట్‌కు ఇచ్చే ఫీజు దగ్గర బేరం ఆడకండి. వదులైన పిన్నుల స్థానంలో కాస్త లావు సైజు పిన్నులు వేయడం ఒప్పుకునే పద్ధతే. దిమ్మ చెక్కే చీలిపోతే పిన్ బ్లాక్ మొత్తం మార్చాలి. అందుకు తీగలన్నీ తీయాలి, చాలా పియానోల్లో ప్లేట్ కూడా పైకి లేపాలి. ఖర్చు వేలల నుంచి లక్షలకు వెళ్లేది ఇక్కడే.

సౌండ్‌బోర్డు మీద సన్నటి పగులు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. వెనక అతికించిన కర్ర పట్టీలు ఊడకుండా, వాయించినప్పుడు గరగర రాకుండా ఉంటే పగులుతోనే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. చూడాల్సింది దాని వంపు. మంచి సౌండ్‌బోర్డు తీగల వైపు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. అప్‌రైట్ వెనక నుంచి, పట్టీలు లేని చోట, ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి పట్టుకుంటే మధ్యలో దారానికీ చెక్కకూ సన్నని సందు కనిపించాలి. దారం చెక్కకు పూర్తిగా అంటుకుంటే వంపు పోయినట్టు. చెవితో చెప్పాలంటే మధ్య ‘సి’కి పైన ఒకటి రెండు సప్తకాల్లో కీ నొక్కి పట్టుకోండి. అక్కడ నాదం టక్కున ఆరిపోతుంటే అదే జబ్బు.

ఇక పార్టులు మార్చిన పియానో సంగతి. “రీబిల్డ్” అన్న మాట ఎవరైనా వాడొచ్చు, దానికి హద్దు లేదు. పైన పాలిష్ కొట్టి, కీలు తుడిచి, ట్యూన్ చేసినదాన్నీ అలాగే అమ్ముతారు. నిజంగా రీబిల్డ్ చేసినదైతే తీగలు, పిన్నులు, హ్యామర్లు, డ్యాంపర్ ఫెల్ట్‌లు మారి ఉంటాయి, అవసరమైతే పిన్ బ్లాక్ కూడా. పని జరుగుతున్నప్పటి ఫొటోలు అడగండి. ప్లేట్ బయటికి తీసిన ఫొటో ఒకటైనా చూపించలేకపోతే, మాట మారుస్తుంటే, ఆ రీబిల్డ్ పాలిష్ దగ్గరే ఆగిపోయిందనుకోవాలి.

కొత్తగా వేసినవి “కంపెనీ ఒరిజినల్” కావాలా అన్నది కాస్త చిక్కు ప్రశ్న. పియానో కంపెనీలన్నీ తమ పార్టులన్నీ తామే చేసుకోవు. జర్మనీలో రెన్నర్ అనే సంస్థ 1882 నుంచి యాక్షన్లు, హ్యామర్లు చేసి పేరున్న ఎన్నో కంపెనీలకు సరఫరా చేసింది. హాంబర్గ్ ఫ్యాక్టరీలో చేసిన స్టైన్‌వేలూ వాటిలో ఉన్నాయి. కాబట్టి ఒక జర్మన్ పియానోలో రెన్నర్ హ్యామర్లు వేశారంటే అది నకిలీ ఏమీ కాదు. తీగలకు రోస్లావ్ అనే జర్మన్ వైరు పేరున్నది. మరోవైపు స్టైన్‌వే లాంటి కంపెనీలు తమ పార్టులతో తమ దగ్గర చేసిన పునరుద్ధరణనే అసలైనదిగా లెక్కిస్తాయి. తిరిగి అమ్మేటప్పుడు ధరలో ఆ తేడా కనిపిస్తుంది. మన ఊళ్లో పిల్లల సాధన కోసం కొనేవాళ్లకు ఆ ముద్ర కన్నా రెండు విషయాలు ముఖ్యం: హ్యామర్ల బరువు, సైజు ఆ మోడల్‌కు సరిపోయాయా, తీగల మందం పాతవాటి లెక్క ప్రకారమే వేశారా. బరువు తప్పిన హ్యామర్లు వేస్తే కీలు రాయిలా గట్టిగా అవుతాయి, లేదా చప్పగా పడిపోతాయి. ఏ తయారీ పార్టులో బిల్లులో రాయమనండి. “ఇంపోర్టెడ్” అని మాత్రమే రాస్తే అది ఏ సమాచారమూ కాదు.

కీబోర్డు మూత మీద బంగారు రంగులో ఉన్న పేరును బట్టి ధర కట్టొద్దు. ఒకప్పుడు అమ్మే షాపు వాళ్లు తమ పేరే వేయించుకుని తెప్పించిన పియానోలూ ఉన్నాయి, తర్వాత పేరు మార్చి రాసినవీ ఉన్నాయి. పేరు, నంబరు ప్లేట్ మీద పోత పోసిన అక్షరాల్లోనో, ముద్ర వేసిన అంకెల్లోనో చూడాలి. స్టైన్‌వే, బెక్‌స్టైన్, బ్లూత్నర్ మూడూ 1853లోనే పుట్టిన కంపెనీలు. వాటి సీరియల్ నంబర్లకు ఏ నంబరు ఏ ఏడాదిదో చెప్పే పట్టికలు అందుబాటులో ఉన్నాయి. ప్లేట్ మీద నంబరుకూ, వెనకో కీల మీదో ఉన్న నంబరుకూ పొంతన లేకపోతే రెండు పియానోలను కలిపి ఒకటి చేశారేమో అని అడగాలి. స్టైన్‌వే తన నంబర్లను 483 నుంచి మొదలుపెట్టింది. అంతకన్నా చిన్న నంబరు చూపించి స్టైన్‌వే అండ్ సన్స్ అని ఎవరైనా అమ్మజూపితే నవ్వుకుని వచ్చేయొచ్చు.

పాత ఇంగ్లీషు అప్‌రైట్లలో ఒక రకం ఉంది. ముందు పలక తీయగానే యాక్షన్ ముందు డ్యాంపర్లను కదిపే నిలువు తీగలు వరసగా పంజరం ఊచల్లా కనిపిస్తాయి. దాన్నే బర్డ్‌కేజ్ అంటారు. డ్యాంపర్లు హ్యామర్లకు పైన ఉంటాయి, శబ్దాన్ని సరిగ్గా ఆపవు. చాలావాటిలో తీగలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోకుండా నిట్టనిలువుగా ఉంటాయి. చూడటానికి అందంగా, కొవ్వొత్తి స్టాండ్లతో సహా ఉంటాయి. హాల్లో అలంకారానికైతే సరే, పిల్లలు నేర్చుకోవడానికి వద్దు. ట్యూనర్లు కూడా దాన్ని చూస్తే మొహం చిట్లిస్తారు. దీనికన్నా యూరప్ కంపెనీలు ఉష్ణదేశాల కోసం ప్రత్యేకంగా చేసిన పియానోలు నయం. జిగురు మీదే వదిలేయకుండా అతుకులకు స్క్రూలు కూడా బిగించి, గట్టి కలప వాడి చేశారు. మన తేమకు తట్టుకుని మిగిలినవాటిలో అలాంటివి కనిపిస్తాయి.

ఇప్పుడు ఎక్కువగా బేరానికి వచ్చేవి జపాన్ నుంచి దిగిన పాత యమహా, కవాయి అప్‌రైట్లు. యమహా యు1 ఎత్తు 121 సెంటీమీటర్లు, యు3 అయితే 131. ఎత్తు పెరిగితే బాస్ తీగలు పొడవవుతాయి, నాదం నిండుగా ఉంటుంది. ఇవి లక్షల సంఖ్యలో తయారైనవి కాబట్టి పార్టులు, పని తెలిసినవాళ్లు దొరకడం సులువు. జపాన్ మార్కెట్ కోసం ఆరబెట్టిన చెక్క పొడి వాతావరణంలో పగులుతుందని యమహా అమెరికా విభాగం హెచ్చరించడం, పాత పియానో వ్యాపారులు దాన్ని కొట్టిపారేయడం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. తేమ కూడిన మన తీరానికి ఆ గొడవ అంతగా వర్తించదు. నా లెక్కలో బడ్జెట్ పరిమితమైతే, పేరుకు యూరప్‌ది అయినా వందేళ్ల నాటిదాన్ని కాకుండా, ముప్పై నలభై ఏళ్ల జపాన్ అప్‌రైట్‌నే చూడాలి. అదీ కుదరకపోతే, అసలు పియానోలా బరువుగా నొక్కుకునే కీలున్న మంచి డిజిటల్ పియానో పిల్లల చదువుకు చాలా దూరం వస్తుంది. సంవత్సరానికి రెండుసార్లు ట్యూనరును పిలిపించే ఓపిక లేని ఇంటికి అదే సరి.

తేమ సంగతి వేరేగా చెప్పాలి. వర్షాకాలంలో సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, గాలి పొడిబారిన కాలంలో దిగుతుంది. తేమ ఎప్పుడూ ఒకేలా ఉంటే పియానో అలవాటు పడుతుంది. పగలు ఏసీ, రాత్రి ఆఫ్ అనే పద్ధతే దాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. ఉత్తరాంధ్రలోనే ఉన్న పియానో కొంటుంటే 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు అది ఎక్కడుందని తప్పకుండా అడగండి. పలాస, శ్రీకాకుళం వైపు ఇంట్లో ఉన్నదైతే కింది పలక తీసి పెడల్ రాడ్ల మీద తుప్పు, చెక్క మీద నీటి చార ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. అక్కడే చెదలు, చెక్క పొడి, ఎలుకలు కొరికిన ఫెల్ట్ కూడా బయటపడతాయి. పాత రోజుల్లో కింది పలక లోపల తక్కువ వాట్ల బల్బు ఒకటి వెలిగించి ఉంచేవారు. ఇప్పుడు దాని బదులు పియానో లోపల పెట్టే హీటర్ రాడ్లు వచ్చాయి. బల్బు హోల్డరు గుర్తు కనిపిస్తే ఆ ఇంట్లో దాన్ని శ్రద్ధగా చూసుకున్నారనే అర్థం.

ఒరిజినల్ పార్టుల మోజు చట్టం దాకా లాక్కెళ్లే చోటు ఒకటుంది. పాత యూరప్ పియానోల తెల్ల కీల మీద ఏనుగు దంతం రేకులు ఉండొచ్చు. నల్ల కీ ముందు చివర దగ్గర తెల్ల కీ మీద అడ్డంగా సన్నని అతుకు గీత, లోపల కలపలో లాంటి చారలు కనిపిస్తే దంతం కావచ్చు. ప్లాస్టిక్ అయితే సాధారణంగా ఒకే ముక్క. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం ఆగింది, 1991 సవరణతో దిగుమతైన ఆఫ్రికా దంతం వ్యాపారమూ నిషేధంలోకి వచ్చింది. “ఒరిజినల్ ఐవరీ కీస్” అని గొప్పగా చెప్పి ఎక్కువ ధర అడిగేవాళ్ల దగ్గర కొంటే ఇద్దరికీ టెన్షనే. నాదంలో దంతానికీ ప్లాస్టిక్‌కీ తేడా లేదు. వదిలేయండి.

బేరం కుదిరాక రవాణా గురించి ఒక మాట. అప్‌రైట్ 200 కిలోలు దాటుతుంది, బరువంతా వెనక వైపు ఉంటుంది. ఫర్నిచర్ దించే కళాసీలను పిలిచి మంచంలా పడుకోబెట్టి మెట్లెక్కించమంటే పియానో కన్నా ముందు మనుషులకే ప్రమాదం. నిలువుగానే, చక్రాల పలక మీద, పట్టీలు కట్టి కదపాలి. పియానో కాళ్ల కింద ఉన్న చిన్న చక్రాలను నమ్ముకుని గరుకు నేల మీద నెట్టొద్దు, ఆ కాళ్లు విరుగుతాయి. ఇంటికి వచ్చాక కిటికీకి, ఏసీ గాలికి దూరంగా, వీలైతే లోపలి గోడకు ఆనించి పెట్టి, మూడు నాలుగు వారాలు ఆ గదికి అలవాటు పడనివ్వండి. మొదటి ట్యూనింగ్ అప్పుడే చేయించాలి. శ్రుతి దిగిపోయిన పియానో అయితే కొన్ని నెలలకే రెండోసారి కూడా అవసరమవుతుంది. ఆ రెండింటి ఖర్చును అమ్మేవాళ్లే భరించేలా ముందే బిల్లులో రాయించుకుంటే మేలు. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ధరలో అంత తగ్గించమనండి.